మావయ్య షాపులో సీ డ్రైవ్: ఒక టెంప్ ఫోల్డర్ డైరీ

శనివారం, పొద్దున

మావయ్యకు తెనాలిలో చిన్న ప్రింటింగ్ షాపు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేస్తారు. ఆషాఢమంతా ఈగలు తోలుకుని, శ్రావణం వస్తోందనగానే ఊపిరాడని పని. సరిగ్గా ఆ టైముకే ఫోన్ చేశాడు. "అల్లుడూ, సిస్టం మొరాయించిందిరా. ప్రింటు ఇస్తే కదలదు, సేవ్ కొడితే అవదు. ముహూర్తాల పని నెత్తిమీద ఉంది." హైదరాబాదు నుంచి రాత్రి బండెక్కి పొద్దున్నే దిగాను.

కంప్యూటర్ విండోస్ 10ది. డిస్కు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, విండోస్ లెక్కలో 223 జీబీ. మిగిలిన చోటు 1.1 జీబీ. సీ డ్రైవ్ గీత ఎర్రగా ఉంది. షాపు ఫైళ్ళన్నీ డీ డ్రైవ్ అనే వేరే డిస్కులో ఉంటాయి. సీలో విండోస్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, వర్డ్, ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, బిల్లింగ్ ప్రోగ్రాం తప్ప మరేం లేవు. అవన్నీ కలిపినా ముప్పావు డిస్కు నిండదు. మరి మిగతాది ఏమైనట్టు?

ముందు ప్రింటు సంగతి. ప్రింటుకు పంపిన ప్రతి పనినీ విండోస్ స్పూల్ ఫోల్డర్‌లో రెండు ఫైళ్ళుగా రాసుకుంటుంది. ఒకటి ఎస్‌పీఎల్, అది అచ్చు వేయాల్సిన సరుకు. రెండోది ఎస్‌హెచ్‌డీ, ఆ పని ఎవరిది, ఎన్ని కాపీలు అన్న చిట్టా. మధ్యలో కరెంటు పోతే ఈ జంట అక్కడే ఉండిపోతుంది, మళ్ళీ ఆన్ చేయగానే వరసలో ముందు నిలబడుతుంది. మంగళవారం నాటి విజిటింగ్ కార్డులు ఇంకా దారికి అడ్డంగా కూర్చున్నాయి. ఏది కావాలో ఏది వద్దో మావయ్యను అడిగాను, అన్నీ మళ్ళీ వేసేశామన్నాడు. ప్రింట్ స్పూలర్ సర్వీసు ఆపి, ఆ ఫైళ్ళు తీసేసి, సర్వీసు మళ్ళీ మొదలుపెట్టాను. సర్వీసు నడుస్తుండగా తీయబోతే ఒప్పుకోదు. దాదాపు 900 ఎంబీ వచ్చింది. ఈ పూట గడవడానికి అది చాలు. ప్రింటర్ కూసింది, మావయ్య కాఫీ తెప్పించాడు.

శనివారం, మధ్యాహ్నం

విన్‌డిర్‌స్టాట్ ఎక్కించాను. ఏ ఫోల్డర్ ఎంత మింగిందో రంగు గళ్ళలో చూపిస్తుంది. గీయడానికి కాసేపు తీసుకుంది. బొమ్మ చూస్తే పొలం గట్ల మీద నుంచి చూసినట్టు, ఒకే కొలత మడులు వందల కొద్దీ కనిపించాయి. ఒక ప్రోగ్రాం తెగించి పెద్ద ఫైలు రాస్తే ఒకటే పెద్ద గడి ఉండాలి. ఇన్ని ఒకేలా ఉన్నాయంటే ఎవరో అదే పనిని పదేపదే చేస్తున్నారన్నమాట.

దారి చూస్తే యాప్‌డేటా కింద లోకల్, దాని కింద టెంప్, ప్రోగ్రాంలు తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకునే చోటు. రన్ పెట్టెలో %టెంప్% అని కొడితే తెరుచుకునే ఫోల్డర్ ఇదే. అందులో _ఎంఈఐ అని మొదలై, తర్వాత అంకెలున్న ఫోల్డర్లు. లెక్క పెట్టాను. 612. ఒక్కొక్కటి 92 ఎంబీ. మొత్తం 55 జీబీ.

ఈ పేరు చూడగానే చెవులు వేడెక్కాయి. దొంగ ఎవరో తెలిసిపోయింది. నేనే.

14 నెలల కింద షాపు కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. డీటీపీలో వాడే ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసిన మేటర్ పేజ్‌మేకర్‌లో ముత్యాల్లా కనిపిస్తుంది గానీ, దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గుర్తులొస్తాయి. ఆ ఫాంట్లలో తెలుగు అచ్చులు, హల్లులు, గుణింతాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కస్టమర్లేమో "ఆ మేటరే ఫోన్లో పంపండి" అంటారు. అందుకని దాన్ని ఫోన్లలో కనబడే యూనికోడ్‌లోకి మార్చేలా పైథాన్‌లో రాసి, పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా కట్టి, పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, "డబుల్ క్లిక్ చేస్తే చాలు" అని గొప్పగా చెప్పి వెళ్ళిపోయాను.

ఆ ఒకే ఫైలు నిజానికి మూట. తెరిచిన ప్రతిసారీ అది లోపలి సరంజామా అంతా టెంప్‌లో _ఎంఈఐ ఫోల్డర్ చేసి అక్కడ విప్పుకుంటుంది. పైథాన్, దాని లైబ్రరీలు, నా కోడ్ అన్నీ అందులోకి వస్తాయి. మామూలుగా మూసినప్పుడు ఆ ఫోల్డర్‌ను తనే తుడిచేసుకుని పోతుంది. కానీ ప్రోగ్రాం క్రాష్ అయినా, టాస్క్ మేనేజర్‌లోంచి చంపినా తుడిచేవాడు ఉండడు. చనిపోయింది ఆ తుడిచేవాడే కదా. ఈ మాట పైఇన్‌స్టాలర్ పత్రాల్లో స్పష్టంగా రాసి ఉంది. నేను అప్పుడు చదవలేదు.

శనివారం, సాయంత్రం

612 సార్లు ఎలా చచ్చింది? 14 నెలలు, నెలకు 26 పనిదినాలు అనుకుంటే రోజుకు ఒకటిన్నర కంటే ఎక్కువే. డీటీపీ చేసే అక్కను అడిగాను.

"క్రాష్ ఏం అవదు తమ్ముడూ. పెద్ద మేటర్ పెడితే తెల్లగా అయిపోయి తిరుగుతూ ఉంటుంది. మూసేసి మళ్ళీ తెరిస్తే వస్తుంది. రాకపోతే మేటర్‌ను రెండు ముక్కలు చేసి పెడతా."

చేసి చూపించింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్, ఎండ్ టాస్క్. చూడకుండానే వేళ్ళు వెళ్ళిపోయాయి. రోజూ చేసే పని మరి. ఇందులో ఆమె తప్పు వెంట్రుకవాసి కూడా లేదు. తెర తెల్లబడి, కదలకుండా, ఒక్క మాట చెప్పని ప్రోగ్రాంను ఎవరైనా చంపుతారు. అది లోపల పని చేస్తూనే ఉందని నాకు తెలుసు, ఆమెకెలా తెలుస్తుంది?

ఇక శుభ్రం చేయాలి. ఎవరు ఎన్ని చెప్పినా, టెంప్‌లో ఉన్నదంతా చెత్తే అని కంట్రోల్ ఏ కొట్టి డిలీట్ చేయడం నాకు ఇష్టం ఉండదు. ఆ ఫోల్డర్లలో ఒకటి ప్రస్తుతం నడుస్తున్న ప్రోగ్రాందై ఉండవచ్చు. నేను చేసే పరీక్ష చాలా నాటుది. ముందు ఫోల్డర్ పేరు మార్చి చూస్తాను. లోపలి ఫైలును ఎవరైనా పట్టుకుని ఉంటే విండోస్ పేరు మార్చనివ్వదు. మార్చనిచ్చిందంటే యజమాని లేడన్నట్టు. 612లో 611 మారాయి. మారని ఆ ఒక్కటీ అప్పుడే అక్క తెర మీద తెరిచి ఉన్న ప్రోగ్రాంది. పేరు మార్చిన వాటిని తీసేశాక సీ డ్రైవ్‌లో 57 జీబీ ఖాళీ.

"రోజూ రాత్రి ఆపేసే వెళ్తాంగదరా, ఆపితే టెంప్ ఖాళీ అవదా?" అన్నాడు మావయ్య. చాలామంది నమ్మకం ఇది. విండోస్‌లో అలా జరగదు. స్టోరేజ్ సెన్స్ ఆన్‌లో ఉంటే వాడకంలో లేనివాటిని అప్పుడప్పుడు తీస్తుంది, డిస్క్ క్లీనప్ అడిగితే వారం దాటిన వాటిని తీస్తుంది. ఇక్కడ మొదటిది ఆఫ్‌లో ఉంది, రెండోదాన్ని ఎవరూ అడగలేదు. నా ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఉంది, అక్కడ పద్ధతి వేరు. లైనక్స్‌లో వెనుక పనులు చూసుకునే సిస్టమ్‌డీ మామూలు అమరికలో, టీఎంపీ ఫోల్డర్‌లో 10 రోజులు, వార్ కింది టీఎంపీలో 30 రోజులు ముట్టుకోని ఫైళ్ళు వాటంతట అవే పోతాయి. అదే అలవాటై, విండోస్ కూడా ఎప్పుడో ఒకప్పుడు ఊడుస్తుందిలే అనుకున్నాను కాబోలు.

ఆదివారం

షాపు సెలవు. టెంప్‌లో మిగిలిన వాటిని నింపాదిగా చూశాను. తొందరపడనందుకు నన్ను నేను మెచ్చుకున్నది ఈ రోజే.

జిప్ విప్పే ప్రోగ్రాం చేసిన ఫోల్డర్లు ఓ పది కనిపించాయి. జిప్ లోపలి ఫైలును అక్కడి నుంచే డబుల్ క్లిక్ చేసి తెరిస్తే, అది టెంప్‌లోకి విప్పి అక్కడి కాపీనే చూపిస్తుంది. మనమేమో అసలు ఫైలే తెరిచామనుకుంటాం. ఒక ఫోల్డర్‌లో గృహప్రవేశం ఆహ్వానపు మేటర్ ఉంది, తేదీ చూస్తే గురువారం రాత్రి మార్చినది. డీ డ్రైవ్‌లోని జిప్ తెరిచి చూస్తే అందులో పాతదే ఉంది. తేడా రెండు వరసలు. ముహూర్తం టైము మారింది, మేనమామల పేర్లు చేరాయి. సవరణలు చేసిన ఒకే ఒక్క కాపీ టెంప్‌లో ఉంది. గురువారం రాత్రి కరెంటు పోయిందట, ఆ తర్వాత ఈ సవరణల సంగతి ఎవరికీ గుర్తులేదు. దాన్ని డీలోకి కాపీ చేసి, అక్కకు ఫోన్ చేశాను. "అయ్యబాబోయ్, సోమవారం ప్లేటుకి పంపాలి తమ్ముడూ అది!" నిన్న కంట్రోల్ ఏ కొట్టి ఉంటే ఆ ఇంటి మేనమామలు నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

వర్డ్ వదిలిన చిన్న ఫైళ్ళూ ఉన్నాయి, అయితే అవి టెంప్‌లో కాదు, డీ డ్రైవ్‌లోనే, అసలు ఫైళ్ళ పక్కన దాక్కుని. ~$ గుర్తుతో మొదలవుతాయి, ఒక్కోటి 162 బైట్లు. ఈ ఫైలు ఫలానావాళ్ళు తెరిచి ఉన్నారు అని చెప్పే చీటీ అది. వర్డ్ మధ్యలో పోతే చీటీ మిగిలిపోయి, మరుసటి రోజు మన ఫైలును మనమే వాడుతున్నామని మనకే చెబుతుంది. వర్డ్ పూర్తిగా మూసి ఉందని చూసుకుని వాటిని తీసేశాను.

క్రాష్‌డంప్స్ ఫోల్డర్‌లో ఫొటో ఎడిటర్ పేరుతో సరిగ్గా 10 ఫైళ్ళు ఉన్నాయి, మొత్తం 4 జీబీ. ప్రోగ్రాం చచ్చినప్పుడు దాని మెమరీలో ఏముందో రాసిపెట్టిన పోస్ట్‌మార్టం కాగితాలివి, డంపులంటారు. సెట్టింగ్ మార్చకపోతే విండోస్ వీటిని పదికి మించి ఉంచదు, కొత్తది రాగానే పాతది పోతుంది. తేదీలు మాత్రం నోట్ చేసుకుని తీసేశాను.

సోమవారం

బస్సెక్కబోతుండగా ఫోన్. "అల్లుడూ, బిల్లింగ్ తెరుచుకుంటోంది గానీ బిల్లు ప్రింటు నొక్కితే ఎర్రర్. ఫైల్ ఎగ్జిస్ట్స్ అంటోంది." వెనక్కి తిరిగాను.

60 జీబీ చోటు పెట్టుకుని ఫైలు రాయలేకపోవడమేమిటి? నేను ఏదో తీసేశాననే అనుమానం మొదట నా మీదే. బిల్లింగ్ వాళ్ళకు ఫోన్ చేస్తే, "ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కించండి సార్" అన్నారు. ముహూర్తాల వారంలో ఫార్మాట్. నమస్కారం పెట్టి ఫోన్ పెట్టేశాను.

ఏ ప్రోగ్రాం ఏ ఫైలు జోలికి పోతోందో చూపే ప్రాసెస్ మానిటర్ తెరిచి, బిల్లింగ్ ప్రోగ్రాం టెంప్‌లో ఏం చేస్తోందో మాత్రమే కనబడేలా వడకట్టాను. ఒక్కసారి ప్రింటు నొక్కితే తెర మీద వేల వరసలు జారిపోయాయి. టీఎంపీ అనే మూడక్షరాలు, వెనుక నాలుగు దాకా గుర్తులు, చివర .టీఎంపీ. ఒక పేరు అడుగుతుంది, ఉంది అంటుంది, ఇంకో పేరు, అదీ ఉంది, ఇంకోటి. అద్దె ఇల్లు వెతుక్కుంటూ వీధంతా తలుపు తట్టినట్టు.

టెంప్‌లో ఆ పేరు ఫైళ్ళు ఎన్నున్నాయో లెక్క తీయించాను. 65,535.

ఈ అంకె చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే ఇక జవాబు వెతకనక్కర్లేదు. తాత్కాలిక ఫైలుకు పేరు ఇమ్మని అడిగితే విండోస్‌లో ఉన్న పాత ఏర్పాటు ముందు మూడక్షరాలు పెట్టి, తర్వాత నాలుగు దాకా హెక్సాడెసిమల్ అంకెలు (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్) వేస్తుంది. సున్నాలన్నీ ఉన్న పేరు వాడదు కాబట్టి, ఒక ఫోల్డర్‌లో ఒక ముందుమాటతో 65,535 పేర్లే సాధ్యం. అన్నీ అయిపోతే ఫైల్ ఎగ్జిస్ట్స్ అని చేతులెత్తేస్తుంది. డిస్కులో ఎంత చోటున్నా లాభం లేదు, నిండిపోయింది చోటు కాదు, పేర్లు.

మరి శనివారం ఇవి నా కంట్లో ఎందుకు పడలేదు? అన్నీ సున్నా బైట్లు. నేను సైజు వారీగా వెతికాను. రంగు గళ్ళ బొమ్మలో సున్నా బైట్ల ఫైలుకు గడే ఉండదు. డిస్కులో ఫైళ్ళను అమర్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ తన పట్టికలో ఒక్కో ఫైలుకు రాసుకునే 1 కేబీ లెక్క వేసినా అన్నీ కలిపి 64 ఎంబీ. 55 జీబీ పక్కన అదెవరికి కనబడుతుంది?

ఇంకో తమాషా, ఇవి క్రాష్ వల్ల మిగిలినవి కూడా కాదు. మానిటర్‌లో చూస్తే తెలిసింది. ఆ ఏర్పాటు పేరు మాత్రమే ఇచ్చి ఊరుకోదు, ఆ పేరును ఇంకెవరూ తీసుకోకుండా సున్నా బైట్ల ఫైలు కూడా అక్కడే పెడుతుంది. బిల్లింగ్ ప్రోగ్రాం ఆ పేరు తీసుకుని, చివర పీడీఎఫ్ తగిలించి, వేరే ఫైలు చేసుకుంటుంది. పని అయ్యాక పీడీఎఫ్‌ను బుద్ధిగా తీసేస్తుంది. ఖాళీ ఫైలు సంగతి దానికి తెలియనే తెలియదు. ఒక్క బిల్లుకు ఇలా మూడు. రోజుకు పాతిక బిల్లులు వేసుకున్నా 75. షాపులో బిల్లింగ్ పెట్టి మూడేళ్ళు కావస్తోంది. లెక్క సరిపోయింది.

ఎక్స్‌ప్లోరర్‌లో అన్నీ ఎంచుకుని డిలీట్ నొక్కితే అది లెక్కపెడుతూనే కూర్చుంది. రద్దు చేసి, కమాండ్ తెరలో, ఆ పేరు నమూనా ఉండి, సున్నా బైట్లు ఉండి, వారం దాటినవి మాత్రమే తీసేలా రాసి నడిపాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. బిల్లు వచ్చింది. మొదటి బిల్లు గృహప్రవేశం వాళ్ళదే.

సోమవారం, రాత్రి

ఊడ్చాను, బాగానే ఉంది. మూడేళ్ళకు మళ్ళీ నిండుతుంది. వాళ్ళ ప్రోగ్రాంను నేను మార్చలేను. కానీ దాని టెంప్ ఎక్కడో నేను చెప్పవచ్చు. ఆదేశాలు వరసగా నడిపే ఒక బ్యాచ్ ఫైలు రాశాను. అందులో టెంప్ అనే వేరియబుల్‌ను డీ డ్రైవ్‌లోని వేరే ఫోల్డర్‌కు మార్చి, తర్వాత బిల్లింగ్‌ను తెరవడం. నడిపి చూస్తే ఫైళ్ళు పాత చోటే పడుతున్నాయి. గంటసేపు బుర్ర గీక్కున్నాను. విండోస్ ముందు టీఎంపీ అనే వేరియబుల్ చూస్తుంది, అది లేకపోతేనే టెంప్‌ను చూస్తుంది. రెండూ మార్చాక దారికొచ్చింది. ఇప్పుడు బ్యాచ్ ఫైలు, బిల్లింగ్ ఇప్పటికే నడుస్తోందేమో చూసి, లేకపోతే ఆ ఫోల్డర్‌ను ఊడ్చి, తర్వాత తెరుస్తుంది. ఆ ఫోల్డర్ దానికొక్కదానికే కాబట్టి ధైర్యంగా ఊడ్చవచ్చు.

మరుసటి శనివారం

నా ప్రోగ్రాం వంతు. మూడు మార్పులు చేశాను.

ఒకే ఫైలు మూట కట్టడం మానేసి ఫోల్డర్‌గా కట్టాను. సరంజామా అంతా డీ డ్రైవ్‌లో ఒకచోట శాశ్వతంగా ఉంటుంది, టెంప్‌లో విప్పడం లేదు. తెరుచుకోవడం కూడా వేగమైంది. అక్క ముందు గమనించింది అదే.

రెండోది తెల్లబడటం. మార్పిడి పనంతా విండోను నడిపే థ్రెడ్‌లోనే (ప్రోగ్రాం లోపల పని నడిచే వరస) పెట్టాను గనక, పని అయ్యేదాకా తెర చచ్చినట్టే ఉండేది. దాన్ని వేరే థ్రెడ్‌లోకి తోసి, ఎన్ని పేజీలయ్యాయో చూపే గీత పెట్టాను, ఆపు బటన్ కూడా ఇచ్చాను. కోడ్ మళ్ళీ చదువుకుంటే సిగ్గేసింది. ప్రతి గుణింతానికీ మేటరంతా మొదటి నుంచి చివరిదాకా వెతుకుతోంది. పట్టిక చేసి ఒకే చుట్టులో మార్చేలా తిరగరాశాను. నలభై పేజీల మేటర్ ఒకటిన్నర నిమిషం పట్టేది, ఇప్పుడు మూడు సెకన్లు.

మూడోది, దీనికీ కొన్ని తాత్కాలిక ఫైళ్ళు కావాలి, అవి తప్పవు. టెంప్‌లో తన పేరుతో ఒక ఫోల్డర్ చేసుకుని, అందులో ఒక తాళం ఫైలును తెరిచి పట్టుకుని కూర్చుంటుంది. మళ్ళీ తెరిచినప్పుడు తన పేరుతో ఉన్న పాత ఫోల్డర్లు వెతుకుతుంది, తాళం ఫైలును తీసేయగలిగితే యజమాని పోయాడన్నమాట, ఫోల్డరంతా తీసేస్తుంది. తీయలేకపోతే జోలికి పోదు. నడుస్తున్న ప్రోగ్రాంకు విండోస్ ఇచ్చే ప్రాసెస్ నంబరు రాసిపెట్టి పోల్చవచ్చు కదా అనుకున్నాను మొదట. ఆ నంబర్లను విండోస్ మళ్ళీ మళ్ళీ వాడుతుంది, రేపు అదే నంబరు ఇంకో ప్రోగ్రాంకు వస్తే నా లెక్క తప్పుతుంది. తాళం అలా కాదు. ప్రోగ్రాం తనంతట తాను పోయినా, ఎవరైనా చంపినా, అది పట్టుకున్న ఫైళ్ళను ఆపరేటింగ్ సిస్టమే విడిపిస్తుంది. కరెంటు పోతే ఇక చెప్పేదేముంది, పట్టుకునేవాడే ఉండడు.

చంపి చూశాను, పదిసార్లు. ప్లగ్ కూడా పీకాను రెండుసార్లు, మావయ్య మొహం చూడకుండా. తెరిచిన ప్రతిసారీ పాతది ఊడ్చుకుంది.

ప్లగ్ పీకినప్పుడే ఇంకోటి బయటపడింది. యూపీఎస్ ఉండి కూడా కంప్యూటర్ అక్కడికక్కడే ఆరిపోయింది. మూత విప్పితే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ పొట్ట ఉబ్బి, బయటికి రానంటోంది. స్క్రూడ్రైవర్‌తో పెకలించకుండా బాక్సు పక్కలు విప్పి జాగ్రత్తగా తీశాం. మూడేళ్ళ పైనే అయిందట మార్చి. నోట్ చేసుకున్న ఆ 10 డంపుల తేదీలు చూపించాను. "వీటికీ కరెంటుకీ సంబంధం ఉందంటావా?" అన్నాడు. లేదు, కరెంటు పోతే డంప్ రాసే తీరికే ఉండదు. అవి చోటు చాలక ఫొటో ఎడిటర్ పడిపోయిన రోజులు. సీ డ్రైవ్ నిండుకొచ్చిన చివరి రెండు వారాల్లోనే పదీ ఉన్నాయి. స్పూల్‌లో మిగిలినవి, గృహప్రవేశం మేటరూ మాత్రం బ్యాటరీ ఖాతాలోవి. కొత్త బ్యాటరీ వేయించాడు.

నాలుగు వారాల తర్వాత

పంద్రాగస్టు హడావుడి అయ్యాక మళ్ళీ వెళ్ళాను. సీ డ్రైవ్‌లో 59 జీబీ ఖాళీ. బిల్లింగ్ ఫోల్డర్‌లో ఆ రోజువి 48 ఖాళీ ఫైళ్ళు, రేపు పొద్దున పోతాయి. డంపులు లేవు.

టెంప్ తెరిచాను. _ఎంఈఐ ఫోల్డర్ ఒకటి. 92 ఎంబీ. తేదీ నిన్నటిది.

అసాధ్యం. కొత్తదాంట్లో అది పుట్టే మార్గమే లేదు. నిలబడే ఆలోచించి, చివరికి అక్క సీటు దగ్గరికెళ్ళి డెస్క్‌టాప్ చూశాను. ఐకాన్ల గుంపులో కింద మూల, దేవుడి బొమ్మ ఉన్న వాల్‌పేపర్ మీద, నా పాత ప్రోగ్రాం.

"కొత్తది బానే ఉంది తమ్ముడూ. అది ఎప్పుడైనా పోతే పనికొస్తుందని ఉంచా. నిన్న అలవాట్లో దాన్ని నొక్కేశా."

తీసేయనా అని అడిగాను. ఉండనీ అంది. పేరు ముందు "పాతది" అని చేర్చి, దాన్ని డీ డ్రైవ్‌లోకి జరిపాను.